ఇల్లే ఆఫీసయితే సర్వీసు రిజిస్టరు ఎక్కడ?

(డిగ్రీ పూర్తిచేసిన ముస్లిం విద్యార్థినుల కోసం, వారి తల్లిదండ్రుల కోసం నిజామాబాద్‌లో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పండితుణ్ణి కాను. ముప్పై నాలుగు సంవత్సరాలు ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాగిరీ చేసి, సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ పొందినవాణ్ణి. వచ్చిన కాగితాన్ని చదవడం, దానిపై నోటు రాయడం, పై అధికారికి పంపడం, ఇదే నా విద్య. విరమణ తర్వాత మన పేటలోని పిల్లలకు స్కాలర్‌షిప్ దరఖాస్తులు, బీసీ-ఇ ధ్రువపత్రాలు, పింఛను కాగితాలు రాసిపెడుతున్నాను. ఆ పనిలో కొన్నేళ్ళుగా నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "చాచా, మా అమ్మాయికి ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చేసే పని దొరికింది. చేయమందామా, వద్దందామా?" నిర్వాహకులు నన్ను మాట్లాడమన్నదీ ఈ ప్రశ్న మీదనే.

ఈ ప్రశ్న అడిగేది దాదాపు ప్రతిసారీ తండ్రి, లేదా అన్న, లేదా తల్లి. పని చేయవలసిన అమ్మాయి వారి వెనుక నిలబడి ఉంటుంది. ఈ రోజు నేను ఆ వెనుక నిలబడిన అమ్మాయితో మాట్లాడదలచుకున్నాను. పెద్దలు కూడా వినవలసిందిగా మనవి.

ఇంటి పని మనకు కొత్త కాదు

మా అమ్మీ బీడీలు చేసేది. ఈ జిల్లాలో ఆ మాటకు వివరణ అక్కరలేదు. తునికాకు నానబెట్టడం, కత్తెరతో ఆకు కత్తిరించడం, ఒళ్ళో చాట పెట్టుకుని తంబాకు నింపి చుట్టడం, దారం కట్టడం, కట్టలు కట్టి కార్ఖానాకు తీసుకుపోవడం మనలో చాలామంది కళ్ళతో చూసినవే. మా పక్కింట్లో ఒక ఆపా ఉండేది. ఆమె మా అమ్మీ పక్కనే కూర్చుని అవే ఆకులు కత్తిరించింది, అదే దారం కట్టింది. ఇద్దరి నడుములూ ఒకే విధంగా వంగాయి. అయితే మా అమ్మీకి బీడీ కార్డు ఉండేది. ఆపాకు లేదు. ఆమె చేసిన బీడీలు వేరొకరి కార్డు మీద జమ అయ్యేవి. వృద్ధాప్యంలో మా అమ్మీ చేతికి ప్రావిడెంటు ఫండు డబ్బు వచ్చింది. ఆపా చేతికి ఏమీ రాలేదు.

ఆ కార్డు ఊరికే రాలేదు. బీడీ, సిగార్ కార్మికుల చట్టం 1966లో వచ్చింది. బీడీ పరిశ్రమకు ప్రావిడెంటు ఫండు 1977లో వర్తింపజేశారు. ఇళ్ళలో చుట్టేవారు మా కార్మికులే కారని యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. ఇంటి వద్ద పనిచేసేవారు కూడా ఉద్యోగులేనని, వారికి ఫండు ఇవ్వవలసిందేనని 1985లో ఆ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఇంట్లో చేసే పనిని పనిగా ఒప్పించడానికి చట్టం వచ్చిన తర్వాత కూడా దాదాపు ఇరవై ఏళ్ళు పట్టిందన్నమాట.

ఈ దేశంలో ముస్లింల స్థితిగతులపై 2005లో నియమితమైన సచార్ కమిటీ 2006 నవంబరులో నివేదిక ఇచ్చింది. పనిచేసే ముస్లిం మహిళల్లో ఇళ్ళలోనే ఉండి పనిచేసేవారి పాలు ఇతర వర్గాల మహిళల్లోకన్న ఎక్కువగా ఉన్నదని ఆ నివేదిక గుర్తించింది. బీడీలు, జర్దోజీ, మగ్గం వర్కు, అగరుబత్తీలు, కుట్టుపని ఏవైనా కావచ్చు. కనుక ఇంటి నుంచి పని అన్నది మనకు ఇంటర్నెట్ తెచ్చిన కొత్త వింత కాదు. కొత్తగా వచ్చినదల్లా చాట స్థానంలో ల్యాప్‌టాప్. పాత ప్రశ్న మాత్రం అలాగే ఉంది. కార్డు ఎవరి పేరున ఉన్నది?

మా ఇంట్లో నేను చేసిన పొరపాటు

ఇది నా కుమార్తె అనుమతితోనే చెబుతున్నాను. ఆమె 2014లో బీకాం కంప్యూటర్స్ మంచి మార్కులతో పూర్తిచేసింది. హైదరాబాద్‌లో ఒక సంస్థ అకౌంట్స్ విభాగంలో ఉద్యోగం వచ్చింది. జీతం చిన్నదే. హాస్టల్‌లో ఉండాలి. నేను ఒప్పుకోలేదు. నలుగురూ ఏమంటారోనన్న భయం నాది. ఆ భయానికి నేను భద్రత అని పేరు పెట్టాను. అదే సమయంలో ఒక ఏజెన్సీవారు ఇంట్లోనే బిల్లులు, చిరునామాల జాబితాలు టైపు చేసే పని ఇస్తామన్నారు. "చూడు బేటా, గడప దాటకుండానే సంపాదన" అని నేనే ఆ పని కుదిర్చాను. ఆమెకు అప్పటికి బ్యాంకు ఖాతా లేదు. డబ్బు మా అబ్బాయి ఖాతాలో పడేది.

నాలుగేళ్ళు చేసింది. ఉదయం వంట, మధ్యాహ్నం అతిథులు, రాత్రి టైపింగు. ఇంట్లోనే ఉంది కదా అని ప్రతి పనీ ఆమెకే చెప్పాము. 2018లో ఒక రోజు ఆ ఏజెన్సీ ఫోను మోగలేదు. మూడు నెలల డబ్బు రావలసి ఉంది. ఎవరిపై ఫిర్యాదు చేయాలి? నియామక పత్రం లేదు, ఒప్పందం లేదు, జీతం చీటీ లేదు. మరో ఉద్యోగానికి వెళ్తే అనుభవ ధ్రువపత్రం అడిగారు. నాలుగేళ్ళు పనిచేసిన మనిషి దరఖాస్తులో అనుభవం అన్న గడిలో సున్న రాసింది.

ఆ రాత్రి ఆమె నాతో అన్న మాట ఇప్పటికీ మరచిపోలేదు. "అబ్బా, మీరు తీసుకున్న ప్రతి సెలవూ, మీకు వచ్చిన ప్రతి ఇంక్రిమెంటూ మీ సర్వీసు రిజిస్టరులో ఉంది. నా నాలుగేళ్ళు ఏ రిజిస్టరులో ఉన్నాయి?" ముప్పై ఏళ్ళు ఇతరుల సర్వీసు రిజిస్టర్లు తప్పు లేకుండా రాసిన నా దగ్గర సమాధానం లేదు.

ఆమె మిగతా కథ చివర చెబుతాను. ముందు ఆమె అనుభవం నాకు నేర్పిన ప్రశ్నలు మీ ముందుంచుతాను.

పని ఏ రకమో ముందు తేల్చుకోండి

ఆన్‌లైన్ పని అన్న ఒక్క మాట కింద మూడు నాలుగు వేర్వేరు విషయాలు దాగి ఉన్నాయి. మొదటిది ఉద్యోగం. ఒక సంస్థ నియామక పత్రం ఇస్తుంది, నెలనెలా జీతం ఇస్తుంది, కూర్చునే చోటు మాత్రం మీ ఇల్లు. సాఫ్ట్‌వేర్, అకౌంట్స్, మెడికల్ కోడింగ్, కస్టమర్ సర్వీసు ఈ పద్ధతిలో జరుగుతుంటాయి. రెండవది స్వతంత్రంగా చేసే పని. అనువాదం, డిజైనింగు, జీఎస్టీ లెక్కలు, పిల్లలకు ఆన్‌లైన్ ట్యూషన్లు. ఇక్కడ మీరే యజమాని, మీరే గుమాస్తా, మీరే వసూళ్ళ మనిషి. మూడవది వ్యాపారం. వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో బట్టలు, అత్తర్లు, ఇంటి వంటకాలు అమ్మడం. నాలుగవది ముక్కల పని. ఒక్కో బొమ్మకు పేరు పెట్టడం, ఒక్కో పేజీ టైపు చేయడం, ముక్కకు ఇంత అని తీసుకోవడం. ఇది అచ్చంగా మన బీడీ పద్ధతి. బాగాలేవని తీసేసిన ముక్కలకు డబ్బు రాదు, ఎందుకు తీసేశారో కొన్నిసార్లు తెలియదు.

వీటిలో ఏదీ నిషిద్ధం కాదు. కాని మొదటి దానికి వర్తించే రక్షణలు నాలుగవ దానికి వర్తించవు. మీకు వచ్చిన పని వీటిలో ఏ వరుసలో ఉందో తేలకుండా చేద్దామా వద్దా అని చర్చించడం, ఫైలు తెరవకుండా సంతకం పెట్టడమే.

ఆరు ప్రశ్నల నోటు

మా ఆఫీసులో ఏ నిర్ణయమైనా నోటుఫైలు మీద జరిగేది. ఇంట్లో కూడా ఒక తెల్లకాగితం తీసుకుని ఈ ఆరు ప్రశ్నలకు జవాబులు రాయండి. రాయాలి, ఊరికే అనుకుంటే చాలదు. రాసేది అమ్మాయి చెయ్యే కావాలి.

ఒకటి. పని ఇచ్చేది ఎవరు? సంస్థ పేరు, చిరునామా, బాధ్యుడైన మనిషి పేరు, రాతపూర్వకమైన ఒప్పందం. వాట్సాప్ గ్రూపులో అడ్మిన్ అన్నది చిరునామా కాదు. ఉద్యోగమని చెబితే నియామక పత్రం అడగండి. ప్రావిడెంటు ఫండు కోస్తున్నామంటే యూఏఎన్ నంబరు అడగండి, ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ చూసుకోవచ్చు.

రెండు. డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? పని చేసిన మనిషి ఖాతాలోనే పడాలి. తండ్రి ఖాతా, అన్న ఖాతా, భర్త ఖాతా పనికిరావు. ఇది అనుమానం వల్ల చెప్పే మాట కాదు. ఆదాయం ఆమె పేరున నమోదైతేనే రేపు ఆమె పేరున బ్యాంకు రుణం వస్తుంది, ఆమె పేరున పన్ను రిటర్ను దాఖలవుతుంది. కొత్త పన్ను విధానంలో 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి 12 లక్షల దాకా సాధారణ ఆదాయంపై కట్టవలసిన పన్ను లేదు. అయినా రిటర్ను వేయండి. సొంతంగా పనిచేసేవారికి జీతం చీటీకి బదులు చూపగలిగే కాగితం అదే.

మూడు. ఏ వేళల్లో పని? అమెరికాలో తూర్పు తీరాన ఉదయం తొమ్మిది గంటలంటే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. అంటే మగ్రిబ్ వేళకు మొదలైన పని తెల్లవారుజామున ముగుస్తుంది. సహరీకి లేవవలసిన ఇంట్లో, పసిపిల్లలున్న ఇంట్లో అది ఎన్నాళ్ళు సాగుతుంది? బ్రిటన్ పని అయితే మనకు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకో రెండున్నరకో మొదలవుతుంది. గంటలు ముందే రాసుకోండి. రాత్రి పని చేసిన అమ్మాయి పగలు నిద్రపోవాలి. పగలు పడుకుంటున్నదని ఎత్తిపొడిచే ఇంట్లో ఆ పని సాగదు.

నాలుగు. ఇంట్లో తలుపున్న గది ఉందా? పెద్ద గది కానక్కరలేదు. ఒక మూల, ఒక మేజా, సరైన ఎత్తున్న కుర్చీ, కరెంటు పోతే పనిచేసే ఇన్వర్టరు, నిలకడైన ఇంటర్నెట్. వీటన్నిటికన్న ముఖ్యం, ఆమె కూర్చున్నప్పుడు ఎవరూ పిలవని కొన్ని గంటలు. మా నాన్న ఆఫీసుకు వెళ్ళినప్పుడు పప్పు తాలింపు పెట్టమని ఎవరూ కబురు చేయలేదు. అమ్మాయి ఆఫీసు ఇంట్లో ఉన్నందువల్ల ఆమె పని వేళలు అగ్గువ కాకూడదు. ఈ ప్రశ్నకు జవాబు అమ్మాయి ఒక్కతే రాయలేదు. ఇంటిల్లిపాది సంతకం పెట్టవలసిన గడి ఇది.

ఐదు. ఈ పని ఏమి నేర్పుతుంది? ఒక ఏడాది తర్వాత ఇప్పటికన్న ఎక్కువ తెలిసి ఉంటుందా? టైపింగు మీద టైపింగు చేస్తే వేగం పెరుగుతుందేగాని విద్య పెరగదు. అదే ఒక ఆడిటర్ దగ్గర లెక్కలు చేస్తే, ఒక బడికి పాఠాలు తయారుచేస్తే రెండో ఏడు రేటు పెంచి అడగవచ్చు. ఇరవై రెండేళ్ళ పిల్లకు తోటి ఉద్యోగులను చూసి నేర్చుకోవడం కూడా జీతంలో భాగమే. నేను నోటు రాయడం ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు, పక్క సీటు పెద్దాయన రాసిన నోట్లు చూసి నేర్చుకున్నాను. ఇంట్లో ఆ పక్క సీటు ఉండదు.

ఆరు. వద్దనుకుంటే బయటపడే దారి ఉందా? డిపాజిట్ కట్టించుకున్నారా? అసలు సర్టిఫికెట్లు తీసుకున్నారా? ఇంత కాలం మానకూడదని రాయించుకున్నారా? పని ఇచ్చేవాడికి మనం డబ్బు కట్టవలసి వస్తే, అసలు సర్టిఫికెట్లు ఇవ్వవలసి వస్తే, ఆ ఫైలు అక్కడే మూసేయండి.

గంటకు ఎంత?

ఇంట్లో పని అయితే ఖర్చే లేదన్నది మన అపోహ. ఒక ఊహా లెక్క వేసి చూపిస్తాను.

ఒక అమ్మాయి ముక్కల పని చేసి నెలకు 12,000 రూపాయలు సంపాదిస్తున్నదనుకుందాం. పని ఇప్పించిన వేదిక కమీషను పది శాతం, అంటే 1,200. ఇంటర్నెట్ 700. అదనపు కరెంటు 300. 36,000 పెట్టి కొన్న ల్యాప్‌టాప్ మూడేళ్ళు పనిచేస్తుందనుకుంటే నెలకు 1,000. మొత్తం ఖర్చు 3,200 పోగా మిగిలేది 8,800. ఇప్పుడు గంటలు లెక్కపెడదాం. రోజుకు ఆరు గంటలు డబ్బు వచ్చే పని, మరో రెండు గంటలు పని వెతకడం, జవాబులు రాయడం, తిప్పి పంపినవి సరిదిద్దడం. నెలకు ఇరవై ఆరు రోజులకు 208 గంటలు. గంటకు 42 రూపాయలు.

అదే అమ్మాయికి పట్టణంలో 13,000 జీతంతో పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్న ఉద్యోగం దొరికిందనుకోండి. ఆటో ఖర్చు 1,500, ఈఎస్‌ఐకి ఆమె వాటా 98 రూపాయలు తీసేయండి. యజమాని ఆమె పీఎఫ్ కింద జమచేసే పన్నెండు శాతం, 1,560 రూపాయలు కలపండి. మొత్తం 12,962. ఎనిమిది గంటల పని, ఒక గంట ప్రయాణం, నెలకు 234 గంటలు. గంటకు 55 రూపాయలు. జబ్బు చేస్తే ఈఎస్‌ఐ ఆసుపత్రి అదనం.

ఈ అంకెలు మీ ఇంట్లో వేరుగా ఉంటాయి. లెక్క తలకిందులు కావచ్చు కూడా. మంచి విద్య ఉన్న అమ్మాయి ఇంట్లో కూర్చుని పట్టణంలోని జీతానికి రెండింతలు సంపాదించవచ్చు. నేను చెప్పేది ఒక్కటే. నెలకు ఎంత అని కాక గంటకు ఎంత అని అడగండి. ఖర్చు తీసేసి అడగండి.

మోసాల గురించి నాలుగు మాటలు

మా వీధిలో ఒక కుటుంబానికి జరిగినది చెబుతాను. హోటళ్ళకు, వీడియోలకు రేటింగు ఇస్తే డబ్బు అని ఫోనుకు సందేశం వచ్చింది. మొదటి రోజు 150 రూపాయలు నిజంగానే వచ్చాయి. నమ్మకం కుదిరింది. తర్వాత టెలిగ్రామ్ గ్రూపులో చేర్చారు. పెద్ద పని కావాలంటే ముందు 2,000 కట్టమన్నారు. 2,800 తిరిగి ఇచ్చారు. ఆ తర్వాత పదివేలు, ముప్పైవేలు. తెర మీద లాభం కనబడుతూనే ఉంది, తీసుకోవాలంటే మరికొంత కట్టమంటారు. పెళ్ళి కోసం దాచిన 84,000 రూపాయలు పోయాయి. ఇటువంటి మోసాలు నడిపిన వందకు పైగా వెబ్‌సైట్లను కేంద్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో మూయించింది. కొత్తవి పుడుతూనే ఉన్నాయి.

మరో రకం ఉంది. డేటా ఎంట్రీ పని ఇస్తారు, గడువు చివర తప్పులున్నాయంటారు, ఒప్పందం ఉల్లంఘించావు, జరిమానా కట్టు, లేకపోతే కోర్టు కేసు అని లాయరు నోటీసు పంపుతారు. ఆడపిల్లలు ఇంట్లో చెప్పలేక నగలు కుదువపెట్టి కట్టిన సందర్భాలు నా దృష్టికి వచ్చాయి. బేటీ, టైపింగులో తప్పులకు ఎవరూ జైలుకు పోరు. కట్టవద్దు. మీ బ్యాంకు ఖాతా కొన్నాళ్ళు వాడుకుంటాము, కమీషను ఇస్తామంటే అస్సలు ఒప్పుకోవద్దు. దొంగ సొమ్ము మీ ఖాతా గుండా నడుస్తుంది, పోలీసులు ముందు మీ తలుపే తడతారు.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో సొమ్మును నిలిపివేయించే అవకాశం అంత ఎక్కువ. న్యాయ సలహాకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ అక్కడ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. ఫోను నంబరు 15100. తల్లిదండ్రులకు ఒక మనవి. మోసపోయిన పిల్లను తిట్టకండి. తిడతారన్న భయమే మోసగాడి అసలు పెట్టుబడి.

ఎవరికి తగును?

ఇంట్లో పని ఎవరికి తగును అని సూటిగా అడిగితే నా అభిప్రాయం ఇది. చేతిలో ఇప్పటికే ఒక విద్య ఉన్నవారికి, దానికి రేటు చెప్పగలవారికి తగును. మంచాన ఉన్న అత్తగారిని చూసుకోవలసిన కోడలికి, పసిబిడ్డ తల్లికి, నడవడం కష్టమైన మనిషికి, తన చదువుకు తగిన ఉద్యోగం ఉన్న ఊళ్ళో దొరకనివారికి అది నిజమైన ఆసరా. ఒంటరిగా కూర్చుని తన పని తానే సమయానికి ముగించుకునే స్వభావం ఉన్నవారికి తగును. నలుగురిలో ఉంటేనే ఉత్సాహం వచ్చే పిల్లకు, ఇంకా ఏ విద్యా చేతికి రాని పిల్లకు మొదటి ఉద్యోగంగా అది తగదని నా నమ్మకం. రెండేళ్ళు బయట పనిచేసి వచ్చినవారు ఇంట్లోనూ బాగా పనిచేస్తారు. మొదటి రోజు నుంచీ ఇంట్లోనే ఉన్నవారికి ఆ రెండేళ్ళు ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ఇంకొక మాట నొప్పిగా ఉన్నా చెప్పక తప్పదు. కొందరు ఆడపిల్లలు ఇంటి పని కోరుకోవడానికి కారణం ఇల్లు మీద ఇష్టం కాదు. ఇంటర్వ్యూలో హిజాబ్ తీసి రమ్మన్నారు, పేరు చూసి పక్కన పెట్టారు, అద్దెకు గది ఇవ్వలేదు. తెర వెనుక కూర్చుంటే పేరు అడగరని, తల చూడరని ఆశ. ఆ అమ్మాయి కడుపు నింపుకోవడానికి చేసే పనిని నేను తప్పు పట్టను. కాని సముదాయంగా మనం దానితో తృప్తిపడితే వివక్ష చేసినవాడికి సౌకర్యం కల్పించినవాళ్ళమవుతాం. ఆమె ఇంట్లో పని చేసుకుంటూ ఉండగానే మనం బయట ఆమె హక్కు కోసం మాట్లాడుతూ ఉండాలి. విద్యలోనూ ప్రభుత్వ ఉద్యోగాల్లోనూ బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ ఊరికే రాలేదు. గ్రూప్స్‌కు, ఉపాధ్యాయ పోస్టులకు చదవగలిగిన పిల్ల నెలకు ఐదారు వేల ముక్కల పనిలో పడి ఆ పుస్తకాలు మూసేస్తే ఆ రిజర్వేషన్ ఎవరి కోసం?

చట్టం ఎంతవరకు వచ్చింది?

ఇంట్లో పనిచేసేవారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడికను ఆమోదించింది. ఇతర కార్మికులతో సమానమైన రక్షణ వారికీ ఇవ్వాలన్నది దాని సారం. మన దేశం ఇంకా దానిని ధ్రువీకరించలేదు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి గిగ్, ప్లాట్‌ఫారం కార్మికులను తొలిసారి నిర్వచించింది. అది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. వేదికలు నడిపే సంస్థలు తమ వార్షిక టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం వరకు, కార్మికులకు చెల్లించే మొత్తంలో ఐదు శాతం మించకుండా, సామాజిక భద్రతా నిధికి జమ చేయాలి. ఆ సంస్థల జాబితాలో ఆహారం చేరవేసేవారితో పాటు వృత్తిపరమైన సేవలు అందించే వేదికలు కూడా ఉన్నాయి. ఇది మంచి మొదలు. పక్కింటి ఆపాకు కార్డు లేనట్టు, నమోదు లేనివారికి ఇదీ అందదు. అర్హులైనవారు ఈ-శ్రమ్‌లో ఉచితంగా నమోదు చేసుకోండి. ఆ పని నా దగ్గరకు వస్తే నేను చేసిపెడతాను.

మన సంఘాలకు, మసీదు కమిటీలకు నా మనవి మూడు ముక్కల్లో. మన షాదీఖానాల్లో, ఉర్దూ ఘర్‌లలో పగలు ఖాళీగా ఉండే ఒక గది ఆడపిల్లలకు ఇవ్వండి. నాలుగు మేజాలు, ఇంటర్నెట్, ఒక ఇన్వర్టరు. అప్పుడు పక్క సీటు మళ్ళీ వస్తుంది. ఎవరు డబ్బు సరిగ్గా ఇచ్చారు, ఎవరు ఎగ్గొట్టారు అన్నది ఒక పుస్తకంలో రాసి అక్కడ ఉంచండి. పని ముగిసిన ప్రతి అమ్మాయికీ అనుభవ పత్రం అడిగి ఇప్పించండి.

నా కుమార్తె కథ ముగించాలి కదా. 2018 తర్వాత ఆమె ట్యాలీ, జీఎస్టీ నేర్చుకుని ఈ ఊళ్ళోనే ఒక ఆడిటర్ కార్యాలయంలో 9,000 జీతానికి చేరింది. ఈసారి నన్ను అడగలేదు, చెప్పింది. రెండేళ్ళ తర్వాత హైదరాబాద్ వెళ్ళింది, హాస్టల్‌లోనే ఉంది. పెళ్ళయింది, బిడ్డ పుట్టాడు. చట్టం ప్రకారం ఇరవై ఆరు వారాల ప్రసూతి సెలవు తీసుకుంది. సెలవు తర్వాత పని స్వభావాన్ని బట్టి ఇంటి నుంచి పనిచేసేలా యజమానితో ఒప్పందం చేసుకోవచ్చని 2017 సవరణలో చేర్చారు. ఆ మాట యజమానికి చూపించి ఒప్పించింది. ఇప్పుడు ఇంట్లోనే పనిచేస్తున్నది. అదే ల్యాప్‌టాప్, అదే ఇల్లు అనిపిస్తుంది చూసేవారికి. కాని నియామక పత్రం ఉంది, జీతం ఆమె ఖాతాలో పడుతుంది, ఆమె గదికి తలుపు ఉంది.

పోయినసారి వెళ్ళినప్పుడు ఆమె ఒక నీలం ఫైలు నా చేతిలో పెట్టింది. నియామక పత్రం, జీతం చీటీలు, పన్ను రిటర్నులు, అన్నీ తేదీల వారీగా, పేజీ నంబర్లు వేసి ఉన్నాయి. మొదటి పేజీలో ఒక ఖాళీ కాగితం ఉంది. దానిపై 2014-2018 అని మాత్రం రాసి ఉంది. గుమాస్తాను కనుక అడిగాను, ఖాళీ కాగితానికి పేజీ నంబరు ఎందుకు వేశావని. "ఆ నాలుగేళ్ళూ నేను పనిచేశాను అబ్బా" అన్నది.

మీ ఇంట్లో ఏ అమ్మాయి ఫైలులోనూ అటువంటి పేజీ ఉండకూడదని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను. ఖుదా హాఫిజ్.